ఎడమ చేత్తో స్వరం, కుడి చేత్తో గమకం: ఇంట్లో చేసుకునే సెన్సర్ మిడి కంట్రోలర్

చిన్నప్పుడు మూడేళ్లు వయొలిన్ నేర్చుకుని మానేశాను, తర్వాత ఉద్యోగం వచ్చాక కీబోర్డు కొనుక్కున్నాను. దాని మీద మోహనం వాయిస్తే స రి గ ప ద అన్నీ కరెక్ట్‌గానే పడతాయి కానీ రాగం మాత్రం రాదు, ఎందుకంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లేటప్పుడు మధ్యలో ఉండే జారు, ఊపు, అంటే గమకం, ఏదీ కీ నొక్కితే వచ్చేది కాదు. పక్కన స్వరాన్ని పైకీ కిందకీ వంచే చక్రం, పిచ్ వీల్ ఉంది కదా అంటారు, ఉంది, కానీ అది కదిలేది బొటనవేలు అంత మేర, పైగా లోపల స్ప్రింగు వెనక్కి లాగుతుంటుంది, గాంధారం నుంచి పంచమానికి నెమ్మదిగా జారాలంటే ఆ కాస్త చోటు చాలదు. అందుకని చెయ్యి గాల్లో కదిపితే పిచ్ కదిలే చిన్న పెట్టె ఒకటి చేసుకున్నాను. ఎడమ చేతి వేళ్ల కింద ఆరు బటన్లు, అవి స్వరాలు. కుడి చేతి కింద దూరం కొలిచే సెన్సర్, అది గమకం. ఎడమ బొటనవేలు కింద ఒత్తిడి సెన్సర్, అది వాల్యూమ్. ఖర్చు నాకు రెండు వేల లోపే అయింది, టంకం వేయడం వచ్చి, ఆర్డుయినోలో, అంటే మనం రాసిన ప్రోగ్రాం నడిపే చిన్న సర్క్యూట్ బోర్డులో, ఒక ఎల్ఈడీ వెలిగించిన అనుభవం ఉంటే చాలు, ఎవరైనా చేసుకోవచ్చు.

ముందే ఒక మాట చెప్తాను. సెన్సర్లు కలపడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని. కానీ ఆ సెన్సర్ ఇచ్చే అంకెలు చేతికి వాయిద్యంలా అనిపించేలా మలచడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఇంటర్నెట్‌లో చాలామంది మొదటి భాగం చెప్పి ఆపేస్తారు, నేను రెండో భాగం మీదే ఎక్కువసేపు ఉంటాను.

మిడి గురించి తెలియని వాళ్లకి క్లుప్తంగా: మిడిలో శబ్దం ఉండదు, "60వ నోటు ఇంత గట్టిగా మొదలుపెట్టు", "60వ నోటు ఆపు", "పిచ్ ఇంత వంచు" అనే ఆదేశాలు మాత్రమే వెళ్తాయి, శబ్దం చేసేది సింథసైజర్. 1983లో వచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ అప్పటి సింథ్‌కీ ఇప్పటి ల్యాప్‌టాప్‌కీ ఒకే భాష. ఇందులో దాదాపు అన్ని విలువలూ 0 నుంచి 127 వరకే ఉంటాయి, పిచ్ బెండ్ ఒక్కటి మాత్రం 0 నుంచి 16383 దాకా వెళ్తుంది, మధ్యలో 8192 అంటే వంపు లేదు అని అర్థం. గమకానికి పిచ్ బెండే వాడాలని నేను పట్టుబట్టింది ఇందుకే, 128 మెట్లతో పిచ్ జారిస్తే ఆ మెట్లు చెవికి తెలిసిపోతాయి.

ఏం కొనాలి

బోర్డు విషయంలో తప్పు చేయకండి. ఆర్డుయినో యూనో అందరి ఇళ్లలో ఉంటుంది కానీ అది యూఎస్‌బీ పెట్టగానే కంప్యూటర్‌కి మిడి వాయిద్యంలా కనిపించదు, దానికోసం బోర్డు మీద ఉన్న ఇంకో చిప్పులో ప్రోగ్రాం మార్చాలి, ఆ తలనొప్పి ఎందుకు. ఏటీమెగా32యూ4 చిప్ ఉన్నది తీసుకోండి, అంటే లియొనార్డో గానీ ప్రో మైక్రో గానీ. నేను వాడింది ప్రో మైక్రో, 5 వోల్టుల 16 మెగాహెర్ట్జ్ రకం. ఇందులో 3.3 వోల్టుల 8 మెగాహెర్ట్జ్ రకం కూడా ఉంటుంది, చూడ్డానికి రెండూ ఒకటే, ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో ఒకదానికి బదులు ఇంకోటి సెలెక్ట్ చేసి అప్‌లోడ్ చేస్తే కంప్యూటర్ ఆ బోర్డుని గుర్తుపట్టడం మానేస్తుంది. అలా అయితే బోర్డు పోయిందని పారేయకండి, రీసెట్ పిన్నుని గ్రౌండ్‌కి టకటకా రెండుసార్లు తాకించండి, ఓ ఎనిమిది సెకన్లు బూట్‌లోడర్‌లో, అంటే కొత్త ప్రోగ్రాం కోసం ఎదురుచూసే స్థితిలో ఉంటుంది, ఆలోపు సరైన బోర్డు పెట్టి మళ్లీ అప్‌లోడ్ చేసేయొచ్చు. ఇంకోటి, మైక్రో యూఎస్‌బీ సాకెట్ ఉన్న ప్రో మైక్రో అయితే ఆ సాకెట్ చాలా సుకుమారం, వైరు నాలుగుసార్లు లాగితే ఊడి వచ్చేస్తుంది, కొన్న రోజే చుట్టూ కాస్త ఎపాక్సీ పెట్టేయండి.

దూరం సెన్సర్లలో అందరికీ తెలిసింది హెచ్‌సీ-ఎస్ఆర్04, రెండు కళ్లలా ఉండే అల్ట్రాసోనిక్ సెన్సర్. నేనూ దాంతోనే మొదలుపెట్టాను. శబ్దం వెళ్లి చేతికి తగిలి తిరిగొచ్చిన టైమ్ మైక్రోసెకన్లలో ఇస్తుంది, దాన్ని 58తో భాగిస్తే సెంటీమీటర్లు. రోబో కారుకి బ్రహ్మాండంగా పనికొస్తుంది, సంగీతానికి మాత్రం నాకు నచ్చలేదు, అరచెయ్యి కాస్త వంగితే శబ్దం పక్కకి పోతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే గుడ్డ దాన్ని పీల్చేస్తుంది, రీడింగులు ఉన్నట్టుండి ఎగిరిపడతాయి. వీఎల్53ఎల్0ఎక్స్ అనే లేజర్ సెన్సర్‌కి మారాక ప్రాణం కుదుటపడింది, చిటికెన వేలు గోరంత చిప్పు, దూరాన్ని మిల్లీమీటర్లలో ఇస్తుంది. ఎండ నేరుగా పడితే తడబడుతుంది, గదిలో ఇబ్బంది లేదు. ఎల్‌డీఆర్, అంటే వెలుతురుని బట్టి మారే రెసిస్టర్ పెట్టి వెలుతురు, నీడతో చేయొచ్చు కదా అని అడుగుతారు, పది రూపాయల్లో అయిపోతుంది కూడా, కానీ మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది, మన కంటికి కనపడదు గానీ ఎల్‌డీఆర్ రీడింగులో అది వణుకులా వస్తుంది. 20 మిల్లీసెకన్ల సగటు తీసుకుంటే ఆ వణుకు పోతుంది, ఫిల్టర్ తిప్పడం లాంటి మెల్లని పనులకి అయితే వాడుకోండి, పిచ్‌కి వద్దు.

ఒత్తిడికి ఎఫ్ఎస్ఆర్ అని గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల, అర అంగుళం వెడల్పు. దాని కాళ్లకి నేరుగా టంకం పెట్టారంటే ప్లాస్టిక్ కరిగి సెన్సర్ పోతుంది, కాళ్లని పిన్ కనెక్టర్‌లో దూర్చి వాడాలి. బటన్లు మామూలు పుష్ బటన్లు అయినా సరే, మెకానికల్ కీబోర్డు స్విచ్చులు దొరికితే వేళ్లకి హాయిగా ఉంటుంది. ఇవి కాక 10 కే రెసిస్టర్ ఒకటి, 104 అని రాసి ఉండే చిన్న కెపాసిటర్ ఒకటి, 220 ఓమ్స్ రెసిస్టర్లు రెండు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీలో ఒక చుట్టు చుడితే చిల్లర సామానంతా ఒకే చోట అయిపోతుంది, ఊళ్లలో ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే.

కలపడం

ముందు టంకం లేకుండా వైర్లు గుచ్చుకునే బ్రెడ్‌బోర్డు మీదే పెట్టండి, పెట్టె సంగతి చివర్లో. లేజర్ సెన్సర్ ఎస్‌డీఏని ప్రో మైక్రో 2వ పిన్నుకి, ఎస్‌సీఎల్‌ని 3వ పిన్నుకి, కరెంటు బోర్డు మీద 5 వోల్టులు ఇచ్చే వీసీసీ పిన్ను నుంచి, గ్రౌండ్ గ్రౌండ్‌కి. 5 వోల్టులు ఇవ్వచ్చా అని భయపడకండి, మాడ్యూల్ మీదే కరెంటుకి రెగ్యులేటర్, ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ వైర్ల వోల్టేజీ తగ్గించడానికి లెవెల్ షిఫ్టర్ రెండూ ఉన్నది తీసుకుంటే సరిపోతుంది, కొనేముందు ఆ రెండూ చూసుకోండి. బటన్లు 4 నుంచి 9 దాకా పిన్నులకి, రెండో కాలు గ్రౌండ్‌కి, ప్రోగ్రాంలో ఇన్‌పుట్ పుల్‌అప్ పెడితే విడిగా రెసిస్టర్లు అక్కర్లేదు. ఎఫ్ఎస్ఆర్ ఒక కాలు వీసీసీకి, రెండో కాలు ఏ0 పిన్నుకి, అదే ఏ0 నుంచి గ్రౌండ్‌కి 10 కే రెసిస్టర్, దాని పక్కనే 104 కెపాసిటర్. ఆ కెపాసిటర్ లేకపోయినా పనిచేస్తుంది కానీ ఉంటే రీడింగు చిటపటలాడకుండా ఉంటుంది.

ఇక్కడ నాకు ఒక రోజు పోయింది. సెన్సర్ పెట్టాను, చెయ్యి ఎక్కడ ఉంచినా మూడు, నాలుగు సెంటీమీటర్లే చూపిస్తోంది, వైర్లు మార్చాను, లైబ్రరీ మార్చాను, సెన్సర్ పాడైందనుకుని ఇంకోటి ఆర్డర్ కూడా పెట్టేశాను. రాత్రి టేబుల్ లైటు కింద వంచి చూస్తే చిప్పు మీద పలచటి ఫిల్మ్ అంటుకుని ఉంది, రవాణాలో గీతలు పడకుండా వేసేది. గోటితో అంచు లేపి లాగేశాను, వెంటనే చెయ్యి ఎత్తితే 312, దించితే 95, చక్కగా చదివింది. మీ సెన్సర్ రాగానే మొదట చేయాల్సిన పని ఆ ఫిల్మ్ ఉందేమో చూడటం.

మిడి కోడ్ జోలికి వెళ్లేముందు అంకెలు మాత్రమే చూడండి. ఆర్డుయినోలో సీరియల్ ప్లాటర్ ఓపెన్ చేసి చెయ్యి ఆడిస్తే గీత పాములా కదులుతుంది, చెయ్యి కదపకుండా ఉంచినా ఆ గీత రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ వణకడం గమనిస్తారు. చెయ్యి పూర్తిగా తీసేస్తే 8190 లాంటి పెద్ద అంకె వస్తుంది, అంటే ఎదురుగా ఏమీ లేదని. ఈ రెండు విషయాలూ గుర్తుపెట్టుకోండి, ఇక మీద చేసేదంతా వీటితోనే.

అసలు పని ఇక్కడ

మొదటిసారి నేను చేసింది అందరూ చేసేదే, 5 సెంటీమీటర్లు అంటే 0, 40 సెంటీమీటర్లు అంటే 16383 అని మ్యాప్ చేసి పిచ్ బెండ్‌కి పంపేశాను. పనిచేసింది, కానీ వాయించలేం. ఎందుకంటే చెయ్యి సెన్సర్ మీదకి తెచ్చిన మరుక్షణం పిచ్ ఎక్కడికో దూకేస్తుంది, ఆ తర్వాత వంపు లేని చోటు గాల్లో ఎక్కడుందో వెతుక్కోవాలి. వయొలిన్‌కి కనీసం తీగ చేతికి తగులుతుంది, గాల్లో ఏం తగులుతుంది.

దీనికి దొరికిన ఉపాయం ఏంటంటే, దూరాన్ని లెక్క పెట్టొద్దు, కదలికని లెక్క పెట్టాలి. చెయ్యి సెన్సర్ పరిధిలోకి వచ్చినప్పుడు అది 15 సెంటీమీటర్లలో ఉన్నా 25లో ఉన్నా అదే సున్నా, ఆ దూరాన్ని గుర్తుపెట్టుకోవాలి, అక్కడి నుంచి పైకి ఎంత వెళ్తే అంత పిచ్ పైకి, కిందకి ఎంత వస్తే అంత కిందకి. చెయ్యి తీసేస్తే పిచ్ టక్కున కాకుండా ఓ 80 మిల్లీసెకన్లలో మళ్లీ 8192కి జారాలి. ఒకే ఒక్క చిన్న చిక్కు, చెయ్యి లోపలికి వచ్చేటప్పుడు మొదట వేళ్ల కొసలు కనపడతాయి, తర్వాత అరచెయ్యి, అందుకని మొదటి రెండు మూడు రీడింగులు వదిలేసి, ఆ తర్వాతది సున్నాగా తీసుకోండి. ఈ ఒక్క మార్పుతో అది వాయిద్యం అయిపోయింది, నిజంగా.

ఇక ఎంత కదిలితే ఎంత పిచ్ అనేది. సింథ్‌లో బెండ్ రేంజ్, అంటే పిచ్ ఎంత దూరం వంగగలదో అది, మామూలుగా రెండు అర్ధస్వరాలే (కీబోర్డు మీద పక్కపక్క కీల మధ్య తేడా ఒక అర్ధస్వరం) ఉంటుంది, కానీ మోహనంలో గ నుంచి ప కి మూడు అర్ధస్వరాలు, చాలదు. అందుకని సింథ్‌లో రేంజ్ 12 పెట్టేశాను. అప్పుడు ఒక అర్ధస్వరం అంటే 8192ని 12తో భాగిస్తే 683 దగ్గర. ఒక అర్ధస్వరానికి 4 సెంటీమీటర్ల చేతి కదలిక అనుకున్నాను, అంటే మిల్లీమీటరుకి 17. గ నుంచి ప కి 12 సెంటీమీటర్లు, జానెడు కంటే తక్కువ, మోచెయ్యి ఆనించుకుని మణికట్టుతో ఆడించేయొచ్చు. 2 సెంటీమీటర్లు పెట్టి చూశాను, సెన్సర్ వణుకు కూడా పిచ్‌లో వినపడింది. 6 పెట్టాను, భుజం నొప్పి పుట్టింది. మీ చేతికి ఎంత కుదురుతుందో మీరే చూసుకోండి, కానీ 4 దగ్గర మొదలుపెట్టండి.

ఆ వణుకుని తగ్గించడానికి స్మూతింగ్ పెడతాం కదా, అంటే కొత్త రీడింగుకి, పాత విలువకి ఉన్న తేడాలో కొంత భాగమే కలుపుకుంటూ పోవడం. నేను ఎనిమిదో వంతు పెట్టాను, గీత నూనె పోసినట్టు జారింది, భలే అనుకున్నాను. మా అక్క వీణ వాయిస్తుంది, పండక్కి వచ్చినప్పుడు కూర్చోబెట్టి ఇచ్చాను. తను రి నొక్కి, కుడి చెయ్యి వీణ తీగ లాగినట్టే ఆడించింది, రెండుసార్లు ఆడించి ఆగి, "నా చెయ్యి ముందు వెళ్తోంది, శబ్దం వెనకాల వస్తోంది రా" అంది. నేను నెమ్మదిగా జార్చి చూసుకున్నాను కాబట్టి నాకు తెలియలేదు, తను సెకనుకి ఐదారు సార్లు ఊపింది. లెక్క వేస్తే నిజమే, సెన్సర్ మామూలుగా 33 మిల్లీసెకన్లకి ఒక రీడింగు ఇస్తుంది, ఎనిమిదో వంతు స్మూతింగుతో చెయ్యి వెళ్లిన చోటికి పిచ్ చాలావరకు చేరడానికే పావు సెకను పడుతోంది, ఆలోపు తన చెయ్యి ఒక ఊపు పూర్తి చేసి వెనక్కి వచ్చేస్తోంది. కంపితం, అంటే ఆ ఊపు, మొత్తం స్మూతింగులో కరిగిపోతోంది అన్నమాట.

అప్పుడు మూడు మార్పులు చేశాను. సెన్సర్ కొలిచే టైమ్‌ని 20 మిల్లీసెకన్లకి తగ్గించాను, లైబ్రరీలో టైమింగ్ బడ్జెట్ అని ఉంటుంది, అది. స్మూతింగ్ ఎనిమిదో వంతు నుంచి సగానికి తెచ్చాను. మూడోది ముఖ్యం, రీడింగు వచ్చినప్పుడే బెండ్ పంపితే సెకనుకి 50 మెట్లు అవుతాయి, వేగంగా జార్చినప్పుడు ఆ మెట్లు గరగరలా వినపడతాయి, అందుకని ప్రతి 5 మిల్లీసెకన్లకి ఒకసారి ఇప్పుడున్న బెండ్ నుంచి కొత్త రీడింగు చెప్పిన బెండ్ వైపు నాలుగు చిన్న అడుగుల్లో నడిపించాను. వీటితో పాటు విలువ మారితేనే పంపాలి, మారకపోతే నోరు మూసుకుని ఉండాలి, లేకపోతే వైరు నిండా పనికిరాని మెసేజీలే. సున్నా చుట్టూ ఓ 5 మిల్లీమీటర్లు ఏ స్పందనా లేకుండా వదిలేయండి, చెయ్యి ఊరికే పెట్టుకున్నప్పుడు షడ్జమం కదలకుండా నిలబడాలి కదా. ఈసారి అక్కకి వీడియో కాల్‌లో వినిపించాను, "ఇప్పుడు రి ఊగుతోంది" అంది.

ఒక జాగ్రత్త, చాలా లైబ్రరీల్లో మామూలుగా దూరం అడిగితే జవాబు వచ్చేదాకా ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది, ఆ 20 మిల్లీసెకన్లు బటన్లు చదవడం ఆగిపోయి నోట్లు ఆలస్యంగా పడతాయి. కంటిన్యుయస్ మోడ్ పెట్టి, రీడింగు రెడీ అయిందా అని అడిగి, అయితేనే తీసుకునేలా రాయండి.

స్వరాలు, వాల్యూమ్

మోహనానికి ఆరు బటన్లకి 60, 62, 64, 67, 69, 72 ఇచ్చాను, అంటే స రి గ ప ద పై స. హంసధ్వని కావాలంటే 69 తీసి 71 పెట్టుకోండి, ద పోయి ని వస్తుంది. శ్రుతి మార్చాలంటే అన్నిటికీ ఒకే అంకె కలపడమే, అది ప్రోగ్రాంలో ఒక లైను. బటన్ నొక్కినప్పుడు లోపలి రేకు ఎగిరి రెండుసార్లు నొక్కినట్టు వస్తుంది, 5 నుంచి 10 మిల్లీసెకన్లు కొత్త మార్పుని పట్టించుకోకుండా ఉంటే సరిపోతుంది. ఒక స్వరం నొక్కి ఉంచి ఇంకోటి నొక్కితే, ముందు కొత్త నోట్ ఆన్ పంపి తర్వాత పాతది ఆఫ్ చేయండి, ఈ వరసలో పంపితేనే సింథ్ దాన్ని లెగాటోగా, మళ్లీ మీటకుండా కలిపి వాయిస్తుంది. నొక్కి ఉన్న బటన్ల లిస్టు ఒకటి దాచుకుంటే పై వేలు తీయగానే కింద వేలి స్వరానికి తిరిగి రావచ్చు.

మిడి యూఎస్‌బీ లైబ్రరీ వాడితే మెసేజ్ పంపాక ఫ్లష్ అనే ఆదేశం ఇవ్వడం మర్చిపోవద్దు, మర్చిపోతే మెసేజ్ లోపలే కూర్చుంటుంది. పిచ్ బెండ్ అంకెని రెండు ముక్కలుగా, కింది 7 బిట్లు ముందు, పై 7 బిట్లు తర్వాత పంపాలి, తారుమారైతే పిచ్ పిచ్చిగా ఎగురుతుంది.

ఎఫ్ఎస్ఆర్‌ని సీసీ 11కి ఇవ్వండి, సీసీ అంటే కంట్రోల్ చేంజ్ అనే మిడి ఆదేశం, 11వ దాన్ని ఎక్స్‌ప్రెషన్ అంటారు. సీసీ 7 కూడా వాల్యూమే కానీ అది మిక్సింగ్ కోసం వదిలేయాలి. ఎఫ్ఎస్ఆర్ తత్వం ఏంటంటే కాస్త తాకగానే రీడింగు సగానికి ఎగురుతుంది, ఆ తర్వాత ఎంత గట్టిగా నొక్కినా మెల్లగా పెరుగుతుంది. నేరుగా పంపితే చిన్న గొంతుతో పాడినట్టు వాయించడం అనేదే ఉండదు. రీడింగుని దాంతోనే గుణించి 1023తో భాగించండి, మొదట్లో ఉన్న దూకుడు తగ్గుతుంది, తర్వాత 8తో భాగిస్తే 0 నుంచి 127 వచ్చేస్తుంది. గుణించేటప్పుడు లాంగ్ వేరియబుల్ వాడాలి, మామూలు ఇంట్‌లో ఆ సంఖ్య పట్టదు. బిళ్ల మీద పాత సైకిల్ ట్యూబు నుంచి బిళ్ల కంటే కాస్త చిన్నగా గుండ్రంగా కత్తిరించి అంటించాను, వేలు ఎక్కడ పడినా ఒత్తిడి మధ్యలోకే వెళ్తుంది, మెత్తగా కూడా ఉంటుంది.

సింథ్‌లో ఏం మార్చాలి

సర్జ్ ఎక్స్‌టీ అనేది కంప్యూటర్‌లో నడిచే సింథ్, ఉచితం, ఓపెన్ సోర్స్, నేను దాంతోనే మొదలుపెట్టాను. అందులో ప్లే మోడ్ మోనో (ఒకసారికి ఒకే స్వరం) చేయండి, బెండ్ రేంజ్ పైకీ కిందకీ 12 చేయండి, ఈ రేంజ్ మర్చిపోతే మీ నాలుగు సెంటీమీటర్ల లెక్క మొత్తం తప్పుతుంది. విండోస్‌లో అయితే శబ్దం ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవర్ పెట్టుకోండి, లేకపోతే ఇంత కష్టపడి తగ్గించిన ఆలస్యం సౌండ్ కార్డు దగ్గర మళ్లీ వచ్చి చేరుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ అస్సలు వద్దు, వైరుదే వాడండి. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే ఓటీజీ కేబుల్‌తో పెట్టె నేరుగా ఫోన్‌కే పెట్టి మిడి తీసుకునే సింథ్ యాప్‌తో వాయించొచ్చు. ఏదైనా నోటు ఆగకుండా మోగుతూ ఉండిపోతే సీసీ 123 పంపితే అన్నీ ఆగుతాయి, నేను పైన ఉన్న స, కింద ఉన్న స రెండూ కలిపి నొక్కితే అది వెళ్లేలా పెట్టుకున్నాను.

పెట్టెకి కార్పెంటర్ దగ్గర మిగిలిన 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు చాలు, కానీ కోయించే ముందు చెప్పుల డబ్బా అట్టకి కన్నాలు చేసి ఒక వారం దాని మీదే వాయించండి, బటన్ల మధ్య దూరం మీ వేళ్లకి ఎంతో అప్పుడే తెలుస్తుంది. లేజర్ సెన్సర్‌ని కన్నం లోపలికి దించొద్దు, దాని చూపు 25 డిగ్రీల మేర విచ్చుకుంటుంది, లోతుగా ఉంటే కన్నం అంచులే దానికి కనపడతాయి. దుమ్ము పడుతుందని పైన గాజు గానీ అక్రిలిక్ గానీ కూడా పెట్టొద్దు, వెలుతురు అక్కడే తిరిగొచ్చి రీడింగు తప్పుతుంది.

కంప్యూటర్ లేకుండా అసలైన హార్డ్‌వేర్ సింథ్‌కి పెట్టాలంటే ఐదు పిన్నుల మిడి సాకెట్ కూడా బిగించుకోండి, యూఎస్‌బీ నుంచి యూఎస్‌బీకి వైరు వేస్తే చాలా సింథ్‌లు తీసుకోవు, మధ్యలో కంప్యూటర్ లాంటి హోస్ట్ ఉండాలి. సాకెట్ మధ్య పిన్ను 2, అది గ్రౌండ్‌కి. దానికి అటూ ఇటూ ఉన్నవి 4, 5. వీసీసీ నుంచి 220 ఓమ్స్ మీదుగా 4కి, బోర్డు టీఎక్స్ పిన్ను నుంచి ఇంకో 220 ఓమ్స్ మీదుగా 5కి, చివర రెండూ ఖాళీ. ప్రోగ్రాంలో సీరియల్1 వేగం 31250 పెట్టి, యూఎస్‌బీకి పంపే ప్రతి మెసేజీ దీనికీ పంపండి. నెట్‌లో దొరికే బొమ్మ సాకెట్‌ని ముందు నుంచి చూపిస్తుంది, టంకం వేసేది వెనక నుంచి, అప్పుడు 4, 5 తారుమారవుతాయి, అందుకని బొమ్మని నమ్మకుండా ప్లాస్టిక్ మీద ఉబ్బెత్తుగా రాసి ఉండే అంకెలు చూసి వేయండి. పొరపాటున మారినా ఏమీ కాలిపోదు, మిడి సర్క్యూట్ తీసుకునే వైపు దానికోసమే ఒక డయోడ్ ఉంటుంది, శబ్దం రాదు అంతే, రెండు వైర్లూ మార్చి మళ్లీ స నొక్కి చూడండి.